చెన్నై మేయర్ ఎన్నికలు, స్టాలిన్ రికార్డు: మనవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్నలు

చెన్నైలో నలుగురు తెలుగువాళ్ళు కలిసిన చోట ఎన్నికల మాట వస్తే చాలు, మేయర్ దగ్గరికి వచ్చేసరికి గందరగోళం మొదలవుతుంది. డీఎంకే నాయకుడు స్టాలిన్ మేయర్‌గా గెలిచింది ఎప్పుడంటే ఒకరు 1996 అంటారు, ఒకరు 2001 అంటారు, ఇంకొకరు "అసలు మనం మేయర్‌కి ఓటేశామా?" అంటారు. వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ విడివిడిగా టైప్ చేసే ఓపిక అయిపోయింది కాబట్టి అన్నీ ఒకచోట పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు, మొదటి నుంచి చదవనక్కర్లేదు. ఏ పార్టీ మంచిది అన్న గొడవ మాత్రం ఇక్కడ వద్దు, అది మీరూ మీ బావమరదీ తేల్చుకోండి.

## 1996కు ముందు సంగతులు

చెన్నై మేయర్ పదవి అంత పాతదా? బ్రిటిష్ వాళ్ళ కాలం నాటిదా?

అంతకంటే పాతది, ఈస్టిండియా కంపెనీ కాలం నాటిది. మద్రాస్ కార్పొరేషన్ 1688 సెప్టెంబరు 29న మొదలైంది, దేశంలోనే అన్నిటికంటే పాత కార్పొరేషన్ ఇదే. మొదటి మేయర్ నథానియల్ హిగ్గిన్సన్. అయితే ఆ మేయర్‌కీ ఇప్పటి మేయర్‌కీ సంబంధం ఏమీ లేదు. మధ్యలో చాలాకాలం ఆ పదవే లేదు, కార్పొరేషన్‌కు అధ్యక్షుడు ఉండేవాడు. 1933లో మేయర్ అన్న పదవిని మళ్ళీ తెచ్చారు, అప్పుడు మేయర్ అయింది కుమారరాజా ముత్తయ్య చెట్టియార్. అక్కడి నుంచి ఏటా ఒక మేయర్, అదీ కౌన్సిలర్లు ఎన్నుకునే మేయర్. కాబట్టి ఆ రోజుల్లో ఎవరి పేరు విన్నా ఏడాది కాలమే అనుకోవచ్చు. సత్యమూర్తి 1939లో మేయర్ అయ్యారు, పూండి రిజర్వాయర్‌కు ఆయన పేరే పెట్టారు. మన తెలుగుగంగ కాలువలో వచ్చే కృష్ణా నీళ్ళు కండలేరు నుంచి చేరేది ఆ పూండికే.

మద్రాస్ కార్పొరేషన్‌లో మన తెలుగువాళ్ళు ఎవరైనా పైస్థాయిలో ఉన్నారా?

ఉన్నారు, ఆయన పేరు రోజూ పలుకుతూనే ఉన్నాం. టీ నగర్ అంటే త్యాగరాయ నగర్. ఆ త్యాగరాయ చెట్టి తెలుగు మాట్లాడే దేవాంగుల కుటుంబంలో పుట్టినవారు, జస్టిస్ పార్టీని మొదలుపెట్టినవారిలో ఒకరు. మేయర్ పదవి ఇంకా రాకముందు, 1920ల మొదట్లో కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నారు. రంగనాథన్ వీధిలో చీరలు కొనుక్కుని పానగల్ పార్కు దగ్గర ఆటో కోసం నిలబడతాం చూడండి, ఆ పానగల్ రాజా కూడా తెలుగువాడే, కాకపోతే ఆయన మద్రాస్ ప్రెసిడెన్సీకి ప్రధాని, కార్పొరేషన్ మనిషి కాదు.

అదే కార్పొరేషన్ 1950ల మొదట్లో మనకు ఎదురు నిలబడింది కూడా. "మద్రాస్ మనదే" అన్న ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో మేయర్‌గా ఉన్నది చెంగల్వరాయన్. మద్రాస్ తమిళులకే దక్కాలని కౌన్సిల్ తీర్మానం చేసింది. ఇన్నేళ్ళ తర్వాత ఎవరికీ దాని మీద కోపం లేదు కానీ మా పెద్దవాళ్ళ తరంలో ఆ మాటెత్తితే కాఫీ చల్లారిపోయేది.

1973 నుంచి 1996 దాకా చెన్నైకి మేయరే లేరంటారు, నిజమేనా?

నిజమే. మస్టర్ రోల్ కుంభకోణం, అంటే పనిలోకి రాని కూలీల పేర్లు హాజరు పట్టీలో రాసి డబ్బు లాగిన వ్యవహారం బయటపడి, 1973 చివర్లో కౌన్సిల్‌నే రద్దు చేశారు. రద్దు చేసింది కరుణానిధి ప్రభుత్వం. తర్వాత ఎంజీఆర్ వచ్చారు, వెళ్ళారు, జయలలిత వచ్చారు, ఎన్నికలు మాత్రం రాలేదు. ఇరవై ఏళ్ళకు పైగా అధికారులే ఊరిని నడిపారు. 1992లో రాజ్యాంగానికి 74వ సవరణ వచ్చి, ప్రతి ఐదేళ్ళకూ మున్సిపల్ ఎన్నికలు పెట్టాలని రాసేదాకా రాష్ట్రాలకు ఆ తొందరే లేదు.

## 1996, 2001: రెండు గెలుపులు

స్టాలిన్ చెన్నై మేయర్‌గా ఎన్నిసార్లు గెలిచారు?

రెండుసార్లు, 1996 అక్టోబరులో ఒకసారి, 2001 అక్టోబరులో ఒకసారి. రెండూ జనం నేరుగా ఓటేసిన ఎన్నికలే, అంటే బూత్‌లో కౌన్సిలర్‌కు ఒక ఓటు, మేయర్‌కు ఇంకో ఓటు. మొదటిసారి ఐదేళ్ళూ పూర్తి చేశారు, రెండోసారి 2002లోనే పదవి పోయింది. మొత్తం కలిపితే సుమారు ఆరేళ్ళు.

ఆయన్ను "తొలి మేయర్" అని రాస్తారెందుకు? అంతకుముందు డజన్ల మంది ఉన్నారుగా?

జనం నేరుగా ఎన్నుకున్న తొలి మేయర్ అని రాయాలి, తొందరలో సగం మింగేస్తారు. 1933 తర్వాత, 1996కు ముందు వచ్చిన మేయర్లందరినీ కౌన్సిలర్లే ఎన్నుకున్నారు. మద్రాస్ పేరు చెన్నైగా మారింది కూడా ఆ ఏడాదే కావడంతో ఈ తికమక ఇంకాస్త పెరిగింది.

1996లో ఆయన గెలుపు ముందే ఖాయమా, లేక గట్టి పోటీ నడిచిందా?

గాలి పూర్తిగా అటే ఉంది. ఆ ఏడాది మే నెలలో డీఎంకే, మూపనార్ పెట్టిన తమిళ మానిల కాంగ్రెస్ కలిసి అసెంబ్లీ ఎన్నికలను ఊడ్చేశాయి, జయలలిత సొంత సీట్లోనే ఓడిపోయారు. అదే ఊపులో ఐదు నెలలకు స్థానిక ఎన్నికలు వచ్చాయి. స్టాలిన్ అప్పటికే థౌజండ్ లైట్స్ ఎమ్మెల్యే. ఆ సీటు ఆయనకు అప్పనంగా వచ్చింది కాదు: 1984లో ఓడారు, 1989లో గెలిచారు, 1991లో మళ్ళీ ఓడారు, 1996లో మళ్ళీ గెలిచారు. తండ్రి కరుణానిధి ముఖ్యమంత్రి అయినా మంత్రి పదవి ఇవ్వలేదు, మేయర్‌గా నిలబెట్టారు. నా లెక్కలో అది ఆయనకు మంత్రి పదవి కంటే ఎక్కువే కలిసొచ్చింది. మంత్రి అయితే పదిమందిలో ఒకడు, మేయర్ అయితే ఊళ్ళో కట్టే ప్రతి ఫ్లైఓవర్ దగ్గరా మీ ఫొటోనే. "సింగార చెన్నై" అన్న నినాదం అప్పటిదే.

2001లో అన్నాడీఎంకే అధికారంలో ఉంది కదా, మరి మేయర్‌గా స్టాలిన్ ఎలా గెలిచారు?

నన్నడిగితే ఆయన మేయర్ రికార్డులో అసలు చెప్పుకోవలసింది ఈ గెలుపే. 1996లో సొంత ప్రభుత్వం ఉంది, గాలి ఉంది. 2001 మేలో డీఎంకే రాష్ట్రంలో చిత్తుగా ఓడింది. పాత మిత్రుడు మూపనార్ పార్టీ కూడా జయలలిత వైపు వెళ్ళిపోయింది. జూన్ 30 తెల్లవారుజామున, ఫ్లైఓవర్లలో అవినీతి జరిగిందన్న కేసులో కరుణానిధిని ఇంట్లోంచి ఎత్తుకెళ్ళిన దృశ్యాలు టీవీలో చూసినవాళ్ళు ఇప్పటికీ మర్చిపోరు. అదే కేసులో స్టాలిన్ కూడా అరెస్టయ్యారు. ఆ ఫ్లైఓవర్లు ఆయన మేయర్‌గా ఉన్నప్పుడు కట్టినవే. అంటే ప్రచారంలో చూపించుకోవలసిన పనీ అదే, ఎదుటివాళ్ళు పెట్టిన కేసూ దాని మీదే. సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో జయలలిత పదవి దిగి, పన్నీర్‌సెల్వం ముఖ్యమంత్రి అయ్యారు. ఆ హడావుడిలో అక్టోబరులో కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి, చెన్నై ఓటరు మేయర్ ఓటు మాత్రం స్టాలిన్‌కే వేశాడు. చెన్నై నగరం అప్పటికి డీఎంకే కంచుకోట అన్నది ఒక కారణం, రోజూ ఆఫీసుకు వెళ్ళే దారిలో కొత్త వంతెన కనిపించడం ఇంకో కారణం.

అయితే ఆయన గెలిచినా డిప్యూటీ మేయర్ ఆయన పార్టీ మనిషి కాలేదు. మేయర్‌ని జనం ఎన్నుకుంటారు, డిప్యూటీని కౌన్సిలర్లు ఎన్నుకుంటారు, ఆ పద్ధతిలో ఇలాంటి కాపురాలు తప్పవు.

ఆ ఫ్లైఓవర్ల కేసు చివరికి ఏమైంది?

శిక్ష దాకా వెళ్ళలేదు. 2006లో ప్రభుత్వం మారాక అది అక్కడితో ముగిసిపోయింది. వంతెనల మీద బండ్లు మాత్రం నడుస్తున్నాయి.

ఎమ్మెల్యేగా ఉంటూ మేయర్‌గా కూడా ఎలా ఉన్నారు? రెండు జీతాలా?

అప్పట్లో అడ్డు చెప్పే నిబంధన లేదు, అంతే. థౌజండ్ లైట్స్ ఎమ్మెల్యేగా 1996లోనూ 2001లోనూ గెలిచారు, అవే సంవత్సరాల్లో మేయర్‌గానూ గెలిచారు. ఎంపీ, ఎమ్మెల్యే రెండూ ఒకరే ఉండకూడదన్న నియమం మనకు బాగా తెలుసు కాబట్టి ఇది కూడా తప్పే అనుకుంటాం, కానీ స్థానిక సంస్థల సంగతి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర చట్టమే తేలుస్తుంది.

## 2002: పదవి పోవడం

స్టాలిన్ మేయర్ పదవి నుంచి ఎందుకు దిగిపోయారు? ఓడిపోయారా?

ఓడిపోలేదు. ఎన్నికల్లో మేయర్‌గా ఆయన ఎప్పుడూ ఓడలేదు, చట్టం మారి పదవి పోయింది. 2002 మార్చిలో జయలలిత మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడాదే ఒక మనిషి రెండు ఎన్నికైన పదవుల్లో ఉండకూడదని మున్సిపల్ చట్టాలను సవరించారు. అప్పటికే పదవిలో ఉన్నవాళ్ళకు కూడా అది వర్తిస్తుందన్నారు. పేరు రాయకపోయినా ఎవరి కోసం తెచ్చారో ఊరందరికీ తెలుసు. వ్యవహారం మద్రాస్ హైకోర్టుకు వెళ్ళింది. ఆ సవరణ సంగతి అలా ఉంచి, 1919 నాటి కార్పొరేషన్ చట్టం ప్రకారం ఒకే మనిషి వరుసగా రెండుసార్లు మేయర్‌గా ఉండటం కుదరదన్న పాయింటు ఆయనకు అడ్డం వచ్చింది. ఏటా మేయర్ మారే రోజుల్లో రాసిన చట్టం అది, జనం నేరుగా ఓటేసి గెలిపించిన మనిషి మెడకు చుట్టుకుంది. స్టాలిన్ సుప్రీంకోర్టుకు వెళ్ళలేదు. ఎమ్మెల్యేగా కొనసాగారు.

మరి 2002 నుంచి 2006 దాకా మేయర్ ఎవరు?

డిప్యూటీ మేయర్ కరాటే త్యాగరాజన్ మేయర్ బాధ్యతలు చూశారు. జనం మేయర్‌గా ఎన్నుకున్నది ఒకరిని, కుర్చీలో ఎక్కువ కాలం కూర్చున్నది ఇంకొకరు.

## 2006 తర్వాత

2006లో నేను కౌన్సిలర్‌కే ఓటేసినట్టు గుర్తు. మేయర్‌కి ఓటు ఎందుకు లేదు?

మీ గుర్తు కరెక్టే. 2006లో డీఎంకే ప్రభుత్వం రాగానే మేయర్‌ని కౌన్సిలర్లే ఎన్నుకునే పాత పద్ధతికి మార్చేసింది. ఇందులో తమాషా ఏమిటంటే, నేరుగా ఎన్నికై రెండుసార్లు గెలిచిన స్టాలినే ఆ ప్రభుత్వంలో స్థానిక పరిపాలన శాఖ మంత్రి. ఆ ఎన్నికల పోలింగ్ రోజు చెన్నైలో గొడవలు జరిగి, విషయం హైకోర్టుకెక్కి, 2007 ఫిబ్రవరిలో చాలా వార్డుల్లో మళ్ళీ పోలింగ్ పెట్టారు. మేయర్ అయింది మా. సుబ్రమణియన్. 2011 దాకా ఐదేళ్ళూ ఉన్నారు. మారథాన్లు పరిగెడతారు, తర్వాత 2021లో ఆరోగ్య మంత్రి అయ్యారు, ఆయనే.

2011లో సైదై దురైసామి ఐదు లక్షల మెజారిటీతో గెలిచారంటారు. అంటే స్టాలిన్ కంటే పాపులరా?

ఐదు లక్షలకు పైగా మెజారిటీ అన్నది నిజమే, ఓడింది అప్పటి మేయర్ మా. సుబ్రమణియన్. కానీ పోల్చేముందు రెండు సంగతులు చూడాలి. 2011లో అంబత్తూరు, ఆలందూరు, తిరువొత్తియూరు, మాధవరం లాంటివన్నీ కలిపేసి కార్పొరేషన్‌ను 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కు పెంచారు, వార్డులు 155 నుంచి 200 అయ్యాయి. ఓటర్లు అంతమంది పెరిగాక మెజారిటీ అంకె కూడా పెరుగుతుంది. రెండోది, అది జయలలిత గాలి ఉధృతంగా ఉన్న ఏడాది, నేరుగా ఓటేసే పద్ధతిని ఆవిడే తిరిగి తెచ్చారు.

ఇదే దురైసామి అదే ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లో కొళత్తూరులో స్టాలిన్ మీద నిలబడి మూడు వేల లోపు ఓట్లతో ఓడిపోయారు. రాత్రి దాకా సాగిన లెక్కింపు అది. ఐఏఎస్ పరీక్షకు ఉచితంగా కోచింగ్ ఇచ్చే మనిదనేయం సంస్థ ఆయనదే.

2016 నుంచి 2022 దాకా చెన్నైకి కౌన్సిలే లేదా? ఎవరు ఆపారు?

లేదు, ఐదేళ్ళకు పైగా. 2016 అక్టోబరులో జరగాల్సిన ఎన్నికలకు నోటిఫికేషన్ ఇచ్చారు, నామినేషన్లు కూడా వేశారు. గిరిజనుల రిజర్వేషన్ సరిగ్గా చేయలేదని డీఎంకే కోర్టుకు వెళ్తే మద్రాస్ హైకోర్టు ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది. తర్వాత వార్డుల పునర్విభజన, జయలలిత మరణం, కోర్టు వాయిదాలు, ఆ తర్వాత కరోనా. చివరికి 2022 ఫిబ్రవరి 19న పోలింగ్ జరిగింది. మధ్యలో మీ వీధిలో లైటు వెలగకపోతే చెప్పుకోవడానికి కౌన్సిలర్ కూడా లేడు, జోనల్ ఆఫీసు చుట్టూ తిరగడమే.

2022లో మేయర్ అయిన ప్రియను జనం ఎన్నుకున్నారా?

74వ వార్డు కౌన్సిలర్‌గా జనం ఎన్నుకున్నారు, మేయర్‌గా కౌన్సిలర్లు ఎన్నుకున్నారు. ఆ ఎన్నికల్లో 200 వార్డుల్లో డీఎంకే ఒక్కటే 153 గెలిచింది, అన్నాడీఎంకే 15 దగ్గర ఆగింది. మేయర్ పదవిని ఎస్సీ మహిళకు రిజర్వు చేశారు. మార్చి 4న కార్పొరేషన్ ఆఫీసు ఉన్న రిపన్ బిల్డింగ్‌లో పోటీ లేకుండానే ప్రియ మేయర్ అయ్యారు, అప్పటికి ఆవిడకు ముప్ఫై కూడా నిండలేదు. చెన్నైకి తొలి దళిత మహిళా మేయర్. అంతకుముందు మహిళా మేయర్లు ఇద్దరే: 1950లలో తారా చెరియన్, 1970ల మొదట్లో కామాక్షి జయరామన్.

పోలింగ్ మాత్రం నగరంలో 44 శాతం కూడా దాటలేదు. మా బూత్ ఒక కార్పొరేషన్ స్కూల్లో పడింది. నా ముందున్న పెద్దాయన, నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే రిటైరైన మనిషి, ఒక మిషన్ నొక్కి అట్ట చాటునే నిలబడిపోయాడు. పోలింగ్ ఆఫీసర్ తమిళంలో "అంతే, వెళ్ళొచ్చు" అంటే, ఈయన వెనక్కి తిరిగి నాతో తెలుగులో "మేయర్ మిషన్ ఏది నాయనా, పోయినసారి రెండున్నాయే" అన్నాడు. ఈసారి ఒకటే తాతా అని చెప్తే వేలి మీద సిరా చూసుకుంటూ, నమ్మకం కుదరనట్టే వెళ్ళాడు.

## పోల్చి చూసేవాళ్ళకు

చెన్నై మేయర్‌గా అందరికంటే ఎక్కువ కాలం ఉన్నది ఎవరు?

1933లో మేయర్ పదవి మళ్ళీ వచ్చినప్పటి నుంచి 2022 దాకా చూస్తే స్టాలినే, 1996 నుంచి 2002 వరకు. 1973కు ముందువాళ్ళు ఏడాదికొకరు. 1996 తర్వాత మా. సుబ్రమణియన్‌కు ఐదేళ్ళు, దురైసామికి ఐదేళ్ళు.

మేయర్‌ని ఎన్నుకునే పద్ధతిని ఇన్నిసార్లు మార్చడం ఎందుకు?

ఎవరికి ఎప్పుడు ఏది లాభమైతే అది. వరస చూడండి: 1996, 2001 నేరుగా ఓటు, 2006లో డీఎంకే తీసేసింది, 2011లో అన్నాడీఎంకే తిరిగి తెచ్చింది, 2016లో అదే అన్నాడీఎంకే తీసేసింది, 2018లో మళ్ళీ నేరుగా అన్నారు, 2019 నవంబరులో ఆర్డినెన్స్‌తో మళ్ళీ కౌన్సిలర్లకే అప్పగించారు, 2022లో డీఎంకే దాన్ని అలాగే ఉంచింది. మిత్రపక్షాలు మేయర్ సీట్లు అడుగుతున్నప్పుడు కౌన్సిలర్ల పద్ధతిలో బేరం సులువు. పార్టీ గాలి బలంగా ఉండి, నిలబెట్టడానికి పేరున్న మనిషి ఉంటే నేరుగా ఓటు బాగుంటుంది. ఇంకో భయం కూడా ఉంది: లక్షల ఓట్లతో గెలిచిన మేయర్ రేపు ముఖ్యమంత్రి కుర్చీ వైపు చూస్తాడు. 2021 మే 7న ముఖ్యమంత్రిగా ఎవరు ప్రమాణం చేశారో తెలుసు కదా, స్టాలినే.

అందుకే ఒక మేయర్ రికార్డును ఇంకో మేయర్ రికార్డుతో ఉత్త అంకెలతో పోల్చకండి. ఆ ఏడాది మేయర్‌కి ఓటేసింది నగరమా, కౌన్సిల్ హాలా అన్నది ముందు చూడండి.

హైదరాబాద్, బెంగళూరుల్లో ఎలా ఉంది?

హైదరాబాద్‌లో కూడా ఒకసారి నేరుగా ఎన్నిక జరిగింది, 2002లో టీడీపీ నుంచి తీగల కృష్ణారెడ్డి అలాగే గెలిచారు. జీహెచ్‌ఎంసీ వచ్చాక కార్పొరేటర్లతో పాటు ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులుగా ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా ఓటేసే పద్ధతి, 2021లో గద్వాల విజయలక్ష్మి అలా మేయర్ అయ్యారు. బెంగళూరులో మేయర్‌కి ఏడాదే ఉండేది, పేరు గుర్తుపెట్టుకునేలోపు మారిపోయేవారు. 2020 సెప్టెంబరులో అక్కడి కౌన్సిల్ కాలం ముగిసింది, ఏళ్ళ తరబడి ఎన్నికలే పెట్టలేదు. 2025లో నగరాన్ని ఐదు కార్పొరేషన్లు చేశారు. కాబట్టి బెంగళూరులో ఉన్న మీ చుట్టాలు "మా మేయర్ ఎవరో మాకే తెలీదు" అంటే అది వాళ్ళ తప్పు కాదు.

మేయర్‌కి నిజంగా పవర్ ఉందా, లేక గౌనూ గొలుసేనా?

సంతకం పెట్టే అధికారం ఎక్కువగా కమిషనర్‌ది, ఆయన రాష్ట్ర ప్రభుత్వం పంపే ఐఏఎస్. మేయర్ కౌన్సిల్‌ను నడుపుతారు, బడ్జెట్, తీర్మానాలు అక్కడ పాస్ కావాలి. మంచినీళ్ళు, డ్రైనేజీ మెట్రోవాటర్ చేతిలో, పోలీసులు రాష్ట్రం చేతిలో, బస్సులు ఎంటీసీ చేతిలో. కార్పొరేషన్‌కు మిగిలేది చెత్త, లోపలి రోడ్లు, వాననీటి కాలువలు, వీధి లైట్లు, స్కూళ్ళు, పార్కులు, శ్మశానాలు, జనన మరణ సర్టిఫికెట్లు. 1996లో మేయర్ మాట చెల్లిందంటే పదవి బలం కొంత, ముఖ్యమంత్రి కొడుకు కావడం కొంత. 2001 తర్వాత అదే కుర్చీలో అదే మనిషి, పైన వేరే ప్రభుత్వం, ఏడాది తిరగకుండానే కుర్చీయే పోయింది.

## ఓటేసేవాళ్ళకు

మాది ఆంధ్రా, చెన్నైలో అద్దెకుంటున్నాం. కార్పొరేషన్ ఎన్నికల్లో ఓటేయొచ్చా?

వేయొచ్చు. సొంతిల్లు ఉండాలనీ, తమిళం రావాలనీ ఎక్కడా లేదు. మామూలుగా ఇక్కడ నివసిస్తూ ఓటరు జాబితాలో పేరుంటే చాలు. స్థానిక ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం అయినా వార్డుల జాబితా అసెంబ్లీ ఓటరు జాబితా నుంచే తయారవుతుంది. కొత్తగా చేరాలంటే ఫారం 6, ఊళ్ళో ఉన్న ఓటును ఇక్కడికి మార్చుకోవాలంటే ఫారం 8. రెండు చోట్లా ఓటు ఉంచుకోవడం నేరం, "పండక్కి ఊరెళ్ళినప్పుడు అక్కడా వేస్తాం" అనే కబుర్లు పెట్టుకోకండి.

తెలుగువాళ్ళు కౌన్సిలర్‌గా, ఆ లెక్కన మేయర్‌గా నిలబడొచ్చా?

నిలబడొచ్చు. 21 ఏళ్ళు నిండాలి, కార్పొరేషన్ ఓటరు జాబితాలో పేరుండాలి, వార్డు రిజర్వేషన్ మీకు సరిపడాలి. సీట్లలో సగం మహిళలకే కాబట్టి నామినేషన్ వేసేముందు మీ వార్డు ఏ కోటాలో ఉందో చూసుకోండి. మేయర్ కావాలంటే కౌన్సిలర్ల పద్ధతి ఉన్నంతకాలం ముందు ఒక వార్డులో గెలవాలి, తర్వాత కౌన్సిల్‌లో మెజారిటీ ఉన్న పార్టీ మీ పేరు చెప్పాలి. మేయర్ పదవి రిజర్వేషన్ విడిగా ఉంటుంది, దానికి ప్రభుత్వ ఉత్తర్వు ఎన్నికల ముందు వస్తుంది, 2022లో జనవరిలో వచ్చింది.